మానిన ఈత

మధురానగరమునుండి ఒక సోదరి మాకు జాబు వ్రాసినారు. ఆమె కుమార్తె మూడవ తరగతిలో నుండగా ఈత నేర్చి, పోటీలకు సిద్ధమగుచుండెనట. 2020 మార్చిలో లాక్‌డౌను వచ్చి కొలనులు మూతపడినవి. ఆ సంవత్సరము అక్టోబరు 15 నుండి క్రీడాకారుల శిక్షణకును, 2021 ఫిబ్రవరి 1 నుండి అందరకును కేంద్రప్రభుత్వము అనుమతి యిచ్చినది గాని, మే నెలలో తెలంగాణమున మరల లాక్‌డౌను వచ్చెను. పిమ్మట చదువులు, ట్యూషనులు. బాలికకు ఇప్పుడు పదునాలుగేండ్లు. మరల కొలనుకు పోయెదనని పట్టుపట్టుచున్నది. "ఎదిగిన పిల్లకు ఈత యేల యని మా అత్తగారు, పాతవేగము రాకున్న పిల్ల క్రుంగిపోవునేమోయని నేను. ఏమి చేయుదుము?" అని వారి ప్రశ్న.

పంపుడనియే మా సలహా. వయస్సు మాటకు వచ్చినచో, సామర్లకోట ఆడపడుచు గోలి శ్యామలగారిని తలచుకొనుడు. హైదరాబాదులో యానిమేషన్ చిత్రములు తీయు ఆమె నలుబది దాటిన పిదపనే ఈత నేర్చిరి. కొలనులు మరల తెరచిన కొలది మాసములకే, 2021 మార్చి 19న, నలుబదియేడేండ్ల వయస్సున, శ్రీలంకనుండి ధనుష్కోడి వైపునకు పాక్ జలసంధిలో సుమారు 30 కిలోమీటర్లు 13 గంటల 43 నిమిషములలో ఈదిరి. ఇక పదునాలుగేండ్ల పిల్లను ఎదిగినదనుట మాకు నవ్వు పుట్టించుచున్నది.

అయితే సోదరీ, మీరు భయపడవలసినది వేగమునకు కాదు. ఈత మరపునకు వచ్చు విద్య కాదు; నీట దిగిన మొదటి దినముననే చేతులకు పాత బార గుర్తుకు వచ్చును. ప్రమాదమందుననే యున్నది. ఆయాసము కొన్ని వారములలో తగ్గును గాని, భుజమున కండను ఎముకకు కట్టియుంచు బంధనములు అంత త్వరగా గట్టిపడవు. లెక్క చూడుడు: 25 మీటర్ల కొలనులో ఒక కొసనుండి మరియొక కొసకు ఇరువది బారలనుకొన్నచో, రెండు కిలోమీటర్లకు ఒక్కొక్క భుజము ఎనిమిదివందల మారులు తిరుగవలెను. విరామము తరువాత వచ్చు క్రీడాకారులకు మొదటి వారము సగము శ్రమయే చాలునని, తరువాత వారవారమును కొంత కొంతగా పెంచవలెనని అమెరికాలోని వ్యాయామ శిక్షకుల సంఘములు 2019లో చెప్పినవి. ఏండ్ల విరామమైన మీ అమ్మాయికి అంతకంటె నెమ్మది కావలెను. చేతులు పొడవైనవి, ఒడలు మారినది. పాత లెక్క నసలు తలపెట్టక, వారమునకు మూడు దినములు అర్ధగంట చొప్పున ఆరంభించుట మేలని మాకు తోచుచున్నది. భుజమున పోటు పుట్టి మరునాటికిని తగ్గనిచో ఈత ఆపి వైద్యునికి చూపుడు. ఇటీవల కరోనా గాని గట్టి జ్వరము గాని వచ్చి, గుండెదడ, రొమ్ములో నొప్పి, కండ్లు తిరుగుట మిగిలియున్నను అంతే.

ఒక్కటి మాత్రము గట్టిగా నిషేధింపుడు. పిల్లలు పందెమువేసి, వడివడిగా ఊపిరులు పీల్చి, నీటి అడుగున ఎవరెంత దూరము పోగలరని చూతురు. అట్లు పీల్చుటవలన రక్తములోని బొగ్గుపులుసు వాయువు తగ్గిపోవును. ఊపిరి తీయవలెనను కోరికను పుట్టించునది ఆ వాయువే. కోరిక పుట్టకమునుపే ప్రాణవాయువు తరిగి, పిల్ల స్పృహ తప్పును. కేక యుండదు, కొట్టుకొనుట యుండదు. చక్కగా ఈదగలవారికే ఇది సంభవించుట విశేషము. గట్టుమీద కూర్చుండిన తల్లులు ఫోను చూచుకొనుచుండుట మా కందుకే నచ్చదు.

కొలను అడుగు స్పష్టముగా కనబడనిచో ఆ నీట దింపకుడు. క్లోరిను సరిగా కలిపిన నీటివలన కరోనా వ్యాపించినట్లు ఆధారము లేదు. గుంపుగూడి బట్టలు మార్చుకొను గదినే ఎక్కువ అనుమానింపవలెను. నెలసరి దినములలో ఈత హానికరము కాదు. ప్యాడు నీట పనికిరాదు గనుక కప్పు మొదలగువాని సంగతి తల్లియే చెప్పుట మంచిది. సిగ్గుపడి పిల్ల ఆ వంకతోనే మానివేయవచ్చును.

పాత నీటి కళ్లద్దముల రబ్బరు పెళుసెక్కియుండును, క్రొత్తవి కొనుడు. అత్తగారిని గూడ ఒక సాయంకాలము గట్టునకు తోడ్కొని పొండు. మనుమరాలి బారలు లెక్కపెట్టుటకు ఒకరు కావలెను గదా.