అరకులో ఊరికే ఒక రోజు

మొగుడూ పెళ్లాలిద్దరు ఒక కొండ ఊరికి వెళ్లి, ఏ పనీ పెట్టుకోకుండా, పొద్దు పొడిచిన దగ్గర్నించీ పొద్దు గుంకేదాకా ఊరికే తిరిగి రావాలనుకుంటే మన దగ్గర సాగుతుందా? సాగదు. సాగనివ్వరు. ఈ వారం నా కోపమంతా దానిమీదే.

కార్తీకం వచ్చిందంటే చాలు, ఫోనులోకి ప్యాకేజీ ప్రకటనలు దిగడం మొదలవుతుంది. మొన్న దిగినదాని పేరు ‘ఒక్క రోజులో అరకు’. పద్మాపురం గార్డెన్స్, గిరిజన మ్యూజియం, కాఫీ మ్యూజియం, చాపరాయి, గాలికొండ, కాఫీ తోటలు, కటికి జలపాతం, బొర్రా గుహలు. మధ్యలో బొంగులో చికెన్. లెక్క వేద్దాం. విశాఖ నుంచి అరకు దాదాపు 115 కిలోమీటర్లు, అందులో ఘాట్ రోడ్డు. పోవడానికి మూడున్నర గంటలు, రావడానికి మూడున్నర. ఉదయం 6కి ఎక్కించి రాత్రి 9కి దింపుతామన్నారు. 15 గంటల్లో 7 కారుకే చెల్లు. భోజనానికో గంట. బొర్రాలో మెట్లు దిగి ఎక్కేసరికి గంటన్నర. మిగిలిన ఐదున్నర గంటల్ని ఏడు చోట్లకి పంచితే ఒక్కోదానికి 50 నిమిషాలు కూడా రావు. కారు నిలపడానికి చోటు వెతుక్కోవడం, టికెట్ల వరస, మరుగుదొడ్డి వేట అన్నీ అందులోనే. జనాభా లెక్కలకి వచ్చే ఉద్యోగులు ఇంతకన్నా తీరిగ్గా తిరుగుతారు.

నేనూ మా ఆయనా రాత్రి అక్కడే పడుకుని, మర్నాడంతా జాబితా లేకుండా గడిపాం. దానికి మేం చెప్పుకోవాల్సిన సంజాయిషీలు ఇన్నీ అన్నీ కావు. కారబ్బాయికి మా ఆరోగ్యం మీదే అనుమానం వచ్చింది. “సార్, ఇంకా ఐదు పాయింట్లున్నాయి” అని ప్రతి అరగంటకీ గుర్తుచేశాడు. “ఉండనీ బాబూ, అవెక్కడికీ పోవు” అన్నారీయన. ఆ కుర్రాడు నావైపు తిరిగి, “మేడమ్, మీరైనా చెప్పండి” అన్నాడు. నేనేం చెబుతాను? అప్పటికి అనంతగిరి దగ్గర తోటలో ఉన్నాం. సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు పాకి ఉన్నాయి. వాటి నీడన కాఫీ పళ్లు ఎర్రగా పండాయి. ఇద్దరాడవాళ్లు పళ్లు కోస్తూ ఒడియా కలిసిన మాటల్లో దేనికో తెగ నవ్వుకుంటున్నారు. ఆ నవ్వు వినడానికి 50 నిమిషాలు చాలవు.

బొర్రా గుహలకి మాత్రం వెళ్లాం, మా ఆయన ముచ్చట. సున్నపురాయిని గోస్థని నీళ్లు యుగాల తరబడి కరిగిస్తే ఏర్పడ్డ గుహలవి. 1807లో భారత భూగర్భ సర్వే సంస్థకి చెందిన విలియం కింగ్ అనే దొర వీటిని కనిపెట్టాడని ఎక్కడ చూసినా రాసి ఉంటుంది. ఆ సంస్థ పుట్టిందే 1851లో! ఇన్నేళ్లుగా ఒకరిని చూసి ఒకరు ఎక్కించుకుంటున్నారు తప్ప కూడిక తీసివేత చేసినవాళ్లు కనబడరు. ఆ చుట్టుపక్కల చెప్పుకునే కథ వేరే ఉంది. పైన మేస్తున్న ఆవు కన్నంలోంచి లోపల పడిందట, కాపరి దాన్ని వెతుక్కుంటూ దిగాడట. దొరకీ ఆవుకీ పోటీ పెడితే నా ఓటు ఆవుకే.

ఇక నా పాత పాట. ఈ శీర్షిక చదివేవాళ్లు ఊహించే ఉంటారు: బల్లలు. కూర్చోడానికి బల్లలు! మన పర్యాటక శాఖవారికి కొండ అంటే వ్యూ పాయింటు, వ్యూ పాయింటు అంటే కార్లు ఆపే స్థలం, దాని పక్కన ‘ఐ లవ్’ అని నిలువెత్తు అక్షరాలు, ఫొటో దిగడానికి ఒక ఉత్తుత్తి రెక్కల జత. కాళ్లు లాగిన మనిషి కూలబడడానికి ఒక చెక్క, ఎండ తగలకుండా ఒక చెట్టు, పక్కనుంచి లారీ రాసుకుపోకుండా నడవడానికి ఒక బాట ఉండాలని ఏ పథకంలోనూ రాయరు. కొడైకెనాల్లో 1872లో కోకర్ అనే సైనికాధికారి కొండ అంచున ఒక కిలోమీటరు కాలిబాట వేయించాడు. ఇవాళ్టికీ అక్కడికి వెళ్లిన మొగుడూ పెళ్లాలు దానిమీద అటూ ఇటూ నడిచి, చెప్పుకునే మాటలైపోతే ఊరుకుని, మళ్లీ మొదలుపెడతారు. ఒక కిలోమీటరు బాట వేయడానికి ప్రపంచ బ్యాంకు అప్పు కావాలా? మా ఆయనకి మోకాళ్ల నొప్పులు. గాలికొండ దగ్గర కల్వర్టు గోడమీద కూర్చున్నాం. మా ముందునుంచే ఒక పెళ్లికాబోయే జంట డ్రోన్ కింద పదేపదే పరిగెత్తింది. ఒకరి మొహం ఒకరు చూసుకోవడానికి కూడా కెమెరా అబ్బాయి అనుమతి కావాల్సి వచ్చింది పాపం.

నిజానికి అరకుని విహారానికని ఎవరూ కట్టలేదు. ఊటీ, కొడైకెనాల్ దొరలు వేసవికి తలదాచుకోడానికి కట్టుకున్నవి. ఇక్కడికి రైలొచ్చింది మనకోసం కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దింపి జపాన్‌కి పంపడానికి 1960ల్లో కొత్తవలస - కిరండూల్ లైను వేశారు. ఆ ఖనిజం దారిలోనే సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున శిమిలిగుడ స్టేషను వెలిసింది. 2017లో ఆ లైను మీద నడిచే ప్రయాణికుల బండికి విస్టాడోమ్ అద్దాల పెట్టె తగిలించారు. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెంతా ఒకటే కేకలు. సొరంగాలేమో యాభైకి పైనే.

అయితే కొండమీద ఎవరూ లేరా? ఉన్నారు. బగతలు, కొండదొరలు, వాల్మీకులు, కోటియాలు, గదబలు, పోర్జాలు ఉన్నారు. ఇది వాళ్ల ఊరని మన జాబితాలో ఎక్కడా కనబడదు. రాత్రి రిసార్టు నెగడి చుట్టూ థింసా ఆడడానికి తప్ప వాళ్లు మనకి అక్కర్లేదు. వలిసె చేలు పసుపు పచ్చగా పూసినప్పుడు కార్లు దిగి చేనంతా తొక్కుతాం. రైతు ఫొటోకి పదో ఇరవయ్యో అడిగితే “దోపిడీ” అంటాం. అదే మనం మాల్‌లో కారు నిలిపినందుకు ఏభై ఇచ్చి రసీదు కూడా అడగం.

ఈ నేల వాళ్లది అని కాగితం మీద చాలా గట్టిగా ఉంది. గిరిజన ప్రాంతాల్లో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1/70 చట్టం ఉంది. ఈ అనంతగిరి మండలంలోనే, బొర్రా ప్రాంతపు గనుల లీజుల మీద ‘సమత’ సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళితే, 1997లో తీర్పు వచ్చింది: షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా గిరిజనేతరులకి లీజుకివ్వడానికి వీల్లేదని. దేశమంతా చదువుకున్న తీర్పది. మరి ఘాట్ పొడుగునా లేస్తున్న కొత్త గదులు ఎవరివో ఊళ్లో ఎవర్నడిగినా చెబుతారు. కాగితం మీద పేరొకరిది, గల్లాపెట్టె ముందు కూర్చునేది ఇంకొకరు. పాడేరులో జిల్లా యంత్రాంగం ఉంది కదా. ఒకసారి కూర్చుని ఆ లెక్క తియ్యరాదూ!

రోడ్ల సంగతి ఇంకా దారుణం. వంజంగి కొండమీద మబ్బులు చూడడానికి తెల్లవారుజామున మూడింటికే కార్లు బారులు తీరతాయి. అదే జిల్లాలో లోపలి గూడేల నుంచి నొప్పులొచ్చిన ఆడమనిషిని డోలీ కట్టి, రోడ్డున్న చోటి దాకా మోసుకొస్తున్నారు. పేపర్లో ఆ ఫొటో ఎన్నిసార్లు చూశాం! చూసి పేజీ తిప్పేసి, అరకు గది అద్దె ఎంతో వాకబు చేస్తాం. మబ్బులకి దారి దొరికిన చోట పురిటికి ఎందుకు దొరకదు? పర్యాటక మంత్రిగారు ఎవరైనా సరే, జవాబు నాకు కాదు, ఆ డోలీ మోసే నలుగురికీ చెప్పాలి.

చెప్పడానికి ఇంకా ఒకటుంది, కాఫీ. అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే పారిస్‌లో దుకాణం తెరిచారు. అరకు రోడ్డు పక్క కొట్లో మాకు ఇచ్చింది మాత్రం ప్యాకెట్టు చింపి వేడి పాలల్లో కలిపిన పొడి. పారిస్ వాళ్లకి దొరికేది అరకులో అడుక్కోవాలా?

ఈ శీతాకాలం వెళ్లేవాళ్లకి నా మాట ఇదీ. రెండు రాత్రులుండండి. జాబితాలో మూడొంతులు కొట్టెయ్యండి. పసుపూ, మిరియాలూ, కాఫీ పొడీ సంతలో కొనండి, లేదంటే గిరిజన కార్పొరేషన్ దుకాణంలో కొనండి, బేరమాడకండి. వలిసె చేలో దిగితే అడిగినంతా ఇచ్చెయ్యండి. తాగిన సీసాలు మీ కారులోనే వెనక్కి తెచ్చుకోండి.