తరగతి గదిని ముందు చదవాలి

మారిషస్ జనాభా పన్నెండున్నర లక్షలకు కాస్త అటూ ఇటూ. 2011 లెక్కల్లో కర్ణాటకలోని ఒక్క తుమకూరు జిల్లా జనాభాయే 26.78 లక్షలు. జిల్లాలో సగం మంది కూడా లేని ఆ ద్వీప దేశానికి తన బడులను తానే పరిశీలించుకునే వ్యవస్థ ఉంది. ఉపాధ్యాయ శిక్షణకూ విద్యా పరిశోధనకూ 1973 నుంచి మారిషస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడ్యుకేషన్ పనిచేస్తోంది. పరీక్షల నిర్వహణకు వేరే సంస్థ ఉంది. భారతీయ భాషల బోధన కోసం 1970లో మోకాలో నెలకొల్పిన మహాత్మాగాంధీ సంస్థలో తెలుగుకూ చోటుంది. పరిశోధన పెద్ద రాష్ట్రాలకూ రాజధానులకూ తగిన పని అనుకునేవారు ఈ చిన్న దేశం వైపు ఒకసారి చూడాలి.

ఆ పరిశోధన పొగడ్తల కోసం సాగింది కాదు. మంచి పేరున్న హైస్కూళ్లలో సీటు కోసం పసిపిల్లలను ట్యూషన్ల చుట్టూ తిప్పే పరుగుపందెం మీద పరిశోధకుడు రఫీక్ ఫూండున్ అధ్యయనం 1992లోనే వెలువడింది. ఆఫ్రికా దేశాల విద్యా నాణ్యతను కొలిచే సాక్‌మెక్ సర్వేలో మారిషస్ తొలి విడత, అంటే 1995లోనే చేరింది. తన పిల్లలు ఎంత చదవగలుగుతున్నారో పక్క దేశాల పిల్లలతో పోల్చి చూసుకుంది. తన లోపాన్ని తానే లెక్కగట్టి అచ్చు వేయించుకోవడానికి ఏ ప్రభుత్వానికైనా గుండె దిటవు కావాలి.

అక్కడి అసలు చిక్కు భాషది. 2011 జనగణనలో ఐదింట నాలుగు వంతుల పైచిలుకు మంది ఇంట్లో మాట్లాడేది క్రియోల్ అని తేలింది. పత్రికల్లో ఫ్రెంచ్‌దే రాజ్యం. బడిలో మాధ్యమం ఇంగ్లీషు. మొదటి మూడు తరగతుల్లో పిల్లలకు అనువైన భాష వాడవచ్చు, నాలుగు నుంచి ఇంగ్లీషే అని 1957 నాటి విద్యా చట్టం చెప్పింది. ఆ వెసులుబాటు ఉన్నా క్రియోల్‌కు పుస్తకంలో చోటు దొరకలేదు. లిపి కుదరలేదు, వ్యాకరణం లేదు, అది భాషే కాదు అంటూ వాయిదాలు పడ్డాయి. 2004లో ఒక వర్ణక్రమం సిద్ధమైంది. 2010లో క్రియోల్ అకాడమీ వచ్చింది. 2012లో ఒకటో తరగతిలో క్రియోల్ ఐచ్ఛిక భాషగా ప్రవేశించింది. ఆ పిల్లలే 2017లో ఆరో తరగతి ముగింపు పరీక్ష రాశారు. మాధ్యమం మాత్రం నేటికీ మారలేదు. పరిశోధకుల మాట ప్రభుత్వం చెవికెక్కడానికి ఎన్నేళ్లు పడుతుందో కూడా మారిషస్ నుంచే నేర్చుకోవచ్చు.

అక్కడి తెలుగు కథ ఇంకో తీరు. పందొమ్మిదో శతాబ్దంలో చెరకు తోటల్లో కూలికి వెళ్లిన కోస్తా కుటుంబాల వారసులు 1947లోనే ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. ఇళ్లలో తెలుగు వినిపించడం దాదాపు ఆగిపోయినా ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు పాఠం ఉంది. ఇంట్లో లేని భాషను బడి కాపాడుతోంది.

తుమకూరు జిల్లాలోని పావగడ తాలూకాలో సంగతి దీనికి తలకిందులు. మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ చుట్టిన ఈ తాలూకాలో, పట్టుచీరల నేతకు పేరున్న వై.ఎన్.హొసకోటలో, చాలా ఇళ్లలో పలికేది తెలుగు. మగ్గం దగ్గర పడుగు, పేక, నాడె అన్నీ తెలుగు మాటలే. బడిలోకి అడుగుపెడితే పుస్తకం కన్నడం. ఇంట్లో నిండుగా ఉన్న భాష బడి గడప బయటే ఆగిపోతోంది.

తరగతిలో ఏం జరుగుతుందో చూడడానికి రెండు మాటలు చాలు. ఒకటో తరగతి స్థాయి కన్నడ వాక్యంలో ‘మర’ అంటే చెట్టు. తెలుగింటి పిల్లకు మర అంటే పిండి ఆడించే మిషన్. కన్నడంలో ‘ఊట’ అంటే భోజనం. ఈ ఎండు నేలలో పుట్టిన పిల్లకు ఊట అంటే బావి అడుగున ఊరే నీరు. రెండు లిపులూ అక్కచెల్లెళ్లు కాబట్టి అక్షరాలు త్వరగానే పట్టుబడతాయి. పిల్ల గడగడా చదివేస్తుంది, పంతులమ్మ సంతోషిస్తుంది, ఇన్‌స్పెక్టరు వచ్చి సరే అని రాసుకుపోతాడు. అర్థమైందా అని అడిగేవారుండరు. చదవగలగడం వేరు, తెలియడం వేరు అన్నది ఇక్కడ మరుగునపడిపోతుంది.

ఇది ఊహాగానం కాదు. కర్ణాటకలోని యాద్గిర్‌లో కన్నడం, మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో మరాఠీ నేర్చుకునే పిల్లల వెంట మూడేళ్లు నడిచిన ‘లిరిల్’ అధ్యయన నివేదిక 2017లో వచ్చింది. తరగతిలో కాలమంతా అక్షరాలూ గుణింతాలూ తినేస్తున్నాయని, అర్థం చేసుకోవడానికి, పిల్లలు సొంతంగా మాట్లాడడానికి, రాయడానికి చోటు మిగలడం లేదని అది తేల్చింది. ఇంటి భాష వేరైన చోట ఆ కష్టం రెట్టింపవుతుంది. అలాంటి అధ్యయనం పావగడకూ కావాలి. ఇక్కడి పిల్లల్లో కొందరు రెండు భాషలూ మాట్లాడుతూనే బడికొస్తారు, కొందరికి సంతలో విన్న నాలుగు కన్నడ మాటలే వస్తాయి. ఆ తేడా కొలవకుండా అందరికీ ఒకే పాఠం చెప్పడం అన్యాయం.

ఇది కన్నడానికి వ్యతిరేకమైన కోరిక కాదు. కర్ణాటకలో బతికే బిడ్డకు కన్నడం రావాలి, బాగా రావాలి. తెలిసిన భాష మీద నిలబెట్టి నేర్పితే అది బాగా వస్తుందన్నదే వాదన. పైగా ఇది హక్కు కూడా. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించాలని 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350ఏ అధికరణం చెబుతోంది. అంతకుముందే 1949లో రాష్ట్రాల విద్యామంత్రులు ఒక లెక్క ఒప్పుకున్నారు: బడిలో 40 మంది గానీ, తరగతిలో 10 మంది గానీ ఉంటే ఆ భాషలో చెప్పే ఉపాధ్యాయుణ్ణి ఇవ్వాలి. 2020 జాతీయ విద్యా విధానం కనీసం అయిదో తరగతి వరకు వీలైన చోటల్లా ఇంటి భాషే మాధ్యమం కావాలంటోంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2004 ప్రాంతంలో సవర, గోండి, కోయ, కొలామి వంటి ఎనిమిది భాషల్లో గిరిజన పిల్లలకు పుస్తకాలు చేయించింది. సొంత లిపి అంతగా వాడుకలో లేని భాషలకు చేయగలిగిన పని, వెయ్యేళ్ల సాహిత్యమున్న తెలుగుకు చేయలేమంటే నమ్మేవారెవరు?

కర్ణాటక విద్యాశాఖ చేయాల్సినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. బడుల సమాచారం సేకరించే యూడైస్ వివరాల్లో విద్యార్థి మాతృభాష నమోదవుతుంది. ఆ వివరాన్ని చదువు ఫలితాలతో కలిపి పావగడ తాలూకా వరకు ప్రకటించాలి. 1969 నుంచి మైసూరులో ఉన్న భారతీయ భాషల కేంద్ర సంస్థకు హొసకోట, నాగలమడికె వంటి హోబళీలలో ఒకటి నుంచి మూడో తరగతి వరకు పిల్లల వెంట నడిచే అధ్యయనం అప్పగించాలి. పాఠాన్ని తెలుగులో విడమరిచి చెప్పే ఉపాధ్యాయులు ఇప్పటికీ ఉన్నారు. దొంగచాటుగా కాకుండా అధికారికంగానే ఆ పని చేసేలా ఉత్తర్వు ఇవ్వాలి, అందుకు తగిన రెండు భాషల వాచకం చేతికివ్వాలి. 10 మంది పిల్లలున్న తరగతికి ఉపాధ్యాయుణ్ణి ఇస్తామన్న 1949 నాటి మాటను ఈ తాలూకాలో ఎన్ని బడుల్లో నిలబెట్టుకున్నారో శాసనసభకు లెక్క చెప్పాలి. తల్లిదండ్రులూ ఒక పని చేయాలి. బడిలో చేర్చేటప్పుడు మాతృభాష గడిలో తెలుగు అని రాయించడానికి మొహమాటపడకూడదు.