కందెన

ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షమన్న సామెత మనకు కొత్త కాదు. ఆ మాట పుట్టించినవారు చెట్టు ఎత్తును చూశారే కాని దాని గింజను చూసినట్లు లేదు. తలకు రాసుకొనే నూనెగా, పిల్లలకు పట్టే మందుగా, ప్రమిదలో చమురుగా మన ఇళ్ళలో మెలిగిన ఆముదానికి ఇంటి వెలుపల మరొక కొలువు ఉండేది. అదే బండి కందెన. ఎండుగడ్డి కాల్చిన మసిని ఆముదంలో రంగరించి రైతు తన బండి ఇరుసుకు పూసేవాడు. కందెన లేని బండి కిర్రుకిర్రుమంటుంది, ఇరుసు అరుగుతుంది, ఎడ్లు రొప్పుతాయి. రాపిడి వలన ఎంత శక్తి వృథా అవుతుందో భౌతికశాస్త్రం చదవకపోయినా ఆ రైతుకు తెలుసు.

మోటారు వాహనాలు వచ్చిన తొలినాళ్ళలోనూ ఆముదం పరువు తగ్గలేదు. 1909లో ఇంగ్లండులోని వేక్‌ఫీల్డ్ సంస్థ తన ఇంజను నూనెకు ‘కాస్ట్రాల్’ అని పేరు పెట్టింది. ఆముదాన్ని ఆంగ్లంలో ‘కాస్టర్’ నూనె అంటారు కనుక ఆ పేరు. 1914-18 నాటి మొదటి ప్రపంచయుద్ధంలో ఎగిరిన అనేక విమానాలకు రోటరీ ఇంజనులుండేవి. వాటిలో సిలిండర్లన్నీ ఇరుసు చుట్టూ గిర్రున తిరుగుతాయి. పెట్రోలు ఆవిరి, గాలి కలిసిన మిశ్రమం ఇంజను నడిమి భాగం గుండా సిలిండర్లకు చేరుతుంది. అక్కడ ఖనిజతైలం ఉంటే పెట్రోలు దానిని కరిగించి పలుచన చేసివేస్తుంది. ఆముదం పెట్రోలులో అంత సులభంగా కరగదు. అందుచేత ఆ ఇంజనులకు ఆముదమే దిక్కయింది. పోసిన నూనె తిరిగి రాదు. పొగతోపాటు బయటకు చిమ్ముతుంది. ఆ తుంపరలను మింగిన వైమానికుల కడుపులు ఏమయ్యేవో చిన్ననాట ఆముదం తాగినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఆముదానికి ఈ గుణం ఎక్కడిది? అందులోని కొవ్వు ఆమ్లాలలో నూటికి 85 నుంచి 90 పాళ్ళు రిసినోలిక్ ఆమ్లమే. ఆ అణువులో అదనంగా ఉన్న హైడ్రాక్సిల్ సమూహం నూనెకు చిక్కదనాన్ని ఇస్తుంది; లోహపు ఉపరితలాన్ని గట్టిగా పట్టుకొని ఉండేట్లు చేస్తుంది. నేటి కార్ల, లారీల చక్రాల బేరింగులలో పెట్టే లిథియం గ్రీజును చూడండి. ప్రపంచంలో అత్యధికంగా వాడే గ్రీజు రకమిదే. దానిని గట్టిపరిచే ముఖ్యపదార్థం సాధారణంగా ఆముదాన్ని హైడ్రోజనీకరించి తీసినదే. ఎడ్లబండి కనుమరుగైనా ఆముదం ఇరుసును విడిచిపెట్టలేదన్నమాట.

అయితే ఆముదాన్ని నేరుగా మోటారు సైకిలు ఇంజనులో పోయవచ్చునని ఎవరైనా అంటే నమ్మరాదు. వంటింటి మూకుడు అంచున పేరుకొనే బంక వంటి పొరను మీరు చూసే ఉంటారు. వేడికి విత్తనపు నూనె గాలిలోని ప్రాణవాయువుతో కలిసి అట్లా జిగురుగా మారుతుంది. ఇంజనులో నూనె దారులను ఆ జిగురే మూసివేస్తుంది. చలి దేశాలలో మరొక చిక్కు: ఈ నూనెలలో పలు రకాలు గడ్డకడతాయి. రసాయనశాస్త్రజ్ఞులు అణువు నిర్మాణాన్ని మార్చి ఎస్టర్లుగా చేసి ఈ లోపాలను చాలావరకు తొలగించగలుగుతున్నారు. కాని అందుకు ఖర్చు అధికం. ఖనిజతైలంతో పోటీపడి ధరలో గెలవడం విత్తనపు నూనెకు ఇప్పట్లో సాధ్యం కాదు.

అందువలన దీనిని ఎక్కడ వాడాలన్నది ముందుగా తేల్చుకోవలసిన విషయం. కందెనలు రెండు తెగలు. ఒకటి ఇంజనులో తిరిగి తిరిగి, నల్లబడిన తరువాత మనం తీసి పారపోసేది. రెండవది వాడుతుండగానే బొట్టుబొట్టుగా నేలపాలయ్యేది. చెట్లు కోసే రంపపు గొలుసు నూనె, ట్రాక్టరు కీళ్ళకు పెట్టే గ్రీజు, చెరకు గానుగ పళ్ళచక్రాల నూనె, జలాశయాల తలుపుల మరలకు పూసే గ్రీజు ఈ రెండవ తెగవి. మొదటి తెగకు చట్టం ఉన్నది. వాడిన నూనెను సేకరించి శుద్ధి చేయించే బాధ్యతను ఉత్పత్తిదారులపై, దిగుమతిదారులపై ఉంచే నియమాలు 2024 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. కాని నేలలో ఇంకిన బొట్టును ఏ చట్టం వెనక్కు తేగలదు? విత్తనపు నూనెనైతే మట్టిలోని సూక్ష్మజీవులు కొన్ని వారాలలో చాలావరకు తినివేస్తాయి. ఖనిజతైలం అట్లా త్వరగా విడిపోదు. ఈ ఆలోచనతోనే ఆస్ట్రియా 1992 నుంచి అడవులలో వాడే రంపాలకు ఖనిజతైలపు కందెనను నిషేధించింది. ఇంజను సంగతి తరువాత చూసుకోవచ్చు. మన దేశమూ ఈ రెండవ తెగతోనే మొదలుపెట్టాలని నా అభిప్రాయం.

జట్రోఫా అనుభవాన్ని కూడా ఇక్కడ తలచుకోవాలి. విత్తనపు నూనెతో డీజిలుకు ప్రత్యామ్నాయం తయారు చేయాలని 2003 ప్రాంతంలో పెద్ద ప్రణాళికలు వేశారు. 2009 నాటి జాతీయ విధానం 2017 నాటికి నూటికి 20 పాళ్ళు కలపాలని లక్ష్యం పెట్టుకొన్నది. అది నెరవేరలేదు. ఇంధనపు అవసరం సముద్రమంతటిది. దానిని గింజలతో నింపబూనడం అత్యాశ. కందెన అవసరం చెరువంతటిది. అయినా వేరుశనగ, పొద్దుతిరుగుడు నూనెలను ఇటు మళ్ళించడం తగదు. వంటనూనెలో సగానికి పైగా దిగుమతి చేసుకొనే దేశం మనది. ఆముదం, కానుగ వంటి తినరాని నూనెలే ఇందుకు తగినవి.

ప్రపంచంలో పండే ఆముదాలలో నూటికి ఎనభై పాళ్ళకు పైగా మన దేశానివే. వాటిలో అత్యధిక భాగం గుజరాతుది. పాలమూరు, నల్లగొండ ఎర్రనేలలలోనూ వానపై ఆధారపడి ఆముదం పండించినవారు చాలామంది ఉండేవారు. దాసరి పురుగుతోను, గెలలను పట్టే బూజు తెగులుతోను పోరాడి, గిట్టుబాటు ధర రాక, వారిలో చాలామంది పత్తికి మళ్ళారు. ‘క్రాంతి’ వంటి వంగడాన్ని ఇచ్చిన పాలెం పరిశోధన కేంద్రం పాలమూరులోనే ఉన్నది. నూనెగింజల పరిశోధన సంస్థ రాజేంద్రనగరులోను, నూనెల రసాయనశాస్త్రంలో పేరెన్నికగన్న భారతీయ రసాయన సాంకేతిక సంస్థ తార్నాకలోను ఉన్నవి. గింజ, శాస్త్రం రెండూ చేరువలోనే ఉన్నా రైతు చేతికి దక్కేది గింజ ధర మాత్రమే. మన ఆముదాన్ని విరివిగా కొనే చైనా దాని నుంచి సెబాసిక్ ఆమ్లం వంటి విలువైన రసాయనాలు తీసి అమ్ముకొంటున్నది.

కొనేవారు లేనిదే కందెన పరిశ్రమ నిలవదు. ధర ఎక్కువైన సరుకును ముందుగా కొనవలసినది ప్రభుత్వ శాఖలే. జలాశయపు తలుపుల మరల నుంచి కారిన గ్రీజు నేరుగా నీటిలోనే పడుతుంది. ఆ నీరే దిగువన ఊళ్ళకు తాగునీరు. ఆ మరలకు పూసే గ్రీజు విత్తనపు నూనెతో తయారైనదై ఉండాలని టెండరు పత్రంలో ఒక్క పంక్తి చేర్చడం నీటిపారుదల శాఖ చేతిలోని పని.