పెరటి లెక్కలు: కోళ్ళను వదిలే వేళ

కోడిని ఎప్పుడూ గూట్లోనే ఉంచి మేపడమంటే జైల్లో పెట్టి భోజనం పెట్టడమే. అలాగని కొత్తగా తెచ్చినవాటిని ఒక్కసారిగా వదిలేస్తే సాయంత్రానికి తిరిగి చేరేవెన్నో దేవుడికే ఎరుక.

1911లో చిత్తూరు జిల్లా వేరుపడి ఉత్తర ఆర్కాడు రెండుగా చీలినా, ఈ వేలూరు వైపు మన ఇళ్ళ వంటలూ పెరళ్ళూ మాత్రం చీలలేదు. పెరడంటే కరివేపచెట్టు, దాని కింద నాలుగు కోళ్ళు. ఈమధ్య కనియంబాడిలో మేమూ ఎనిమిది పిల్లలను తెచ్చుకున్నాం. ఆరు వనరాజ, రెండు నాటువి. వనరాజ హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కేంద్ర ప్రభుత్వ కోళ్ళ పరిశోధన సంస్థ తయారుచేసిన రకం. నాటుపెట్ట ఏడాదికి యాభై అరవై గుడ్లు పెడితే ఇది వంద దాకా పెడుతుంది. కానీ పొదగడానికి కూర్చోదు. అందుకే ఆ రెండు నాటువి.

నాలుగో నెలకు గూడు ఇరుకై, ఒకదాని వీపు మీది ఈకలను మిగతావి పొడిచి పీకేశాయి. ఇక వదలక తప్పదు. పైన చూస్తే గద్దలు, పక్కన చూస్తే పొరుగింటి అవ్వ తోటకూర మడి!

వదిలేముందు టీకాలు పూర్తయి ఉండాలి. ఊరి కోళ్ళతో కలిస్తే కొక్కెర తెగులు తేలిగ్గా అంటుకుంటుంది. ఇక్కడి తమిళులు వెళ్ళై కళిచ్చల్ అనేది దీన్నే. మొదటి వారంలో లసోటా చుక్కలు, రెండు నెలలప్పుడు ఇంకో టీకా. పశువుల ఆసుపత్రిలో అడిగితే చెబుతారు.

రెండో సంగతి, వేళ. మొదటిరోజు పొద్దున వదలకూడదు. పొద్దుగూకడానికి గంట ముందు, ఆకలి మీద ఉన్నప్పుడు వదలాలి. మసక వెలుతురులో కోడికి చూపు ఆనదు గనుక తెలిసిన గూటికే తిరుగుతుంది. మా ఆవిడ పదిరోజులుగా మేత వేసేటప్పుడల్లా నూకల డబ్బా గలగలలాడించేది. ఆ చప్పుడుకు ఏడు వచ్చాయి. ఎనిమిదోది పొరుగింటి మునగచెట్టెక్కి కూర్చుంది. నేను నిచ్చెన తేబోతే ఆ అవ్వ ఆపింది. "చీకటి పడనీ నాయనా, అప్పుడు కదలదు" అంది. అలాగే రెండు చేతులతో తీసి దించాం. ఆవిడ మడికి వల కట్టించాను, మొదటి గుడ్లు కూడా ఆవిడకే వెళ్ళాయి.

రోజూ కొంచెం ముందుగా వదులుతూ పదిహేను రోజుల్లో పగలంతా తిరగనిచ్చాం. మేత ఖర్చు బాగా తగ్గింది. తడి గడ్డీ పేడా నింపిన కుండను రాత్రి చెదలున్నచోట బోర్లిస్తే పొద్దునకు వాటికి విందే.

మూడో వారంలో ఒక వనరాజను గద్ద ఎత్తుకుపోయింది. బ్యాంకు భాషలో రాని బాకీ. మా ఆవిడకు ఆ భాష రాదు, రెండురోజులు గూడు తెరవనివ్వలేదు. లోపల మళ్ళీ పొడుచుకోవడం మొదలైంది. మూడోరోజు సాయంత్రం తనే గడియ తీసి, చేతికర్ర పట్టుకుని పెరట్లో కుర్చీ వేసుకుంది.