ఉద్యోగం వచ్చేదాకా ఒళ్లు ఆగదు

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ దొరకడం చిన్న విషయం కాదు. అశోక్‌నగర్ గల్లీల్లోని హాస్టళ్ల నుంచి పొద్దున్నే వచ్చి పుస్తకాలు పెట్టుకుంటారు కుర్రాళ్లూ అమ్మాయిలూ. లేస్తే మళ్లీ కుర్చీ దొరకదేమోనని భయం. అందుకే అన్నానికి తప్ప లేవరు. ఒకరు గ్రూప్-2 అంటారు, ఇంకొకరు ఎస్సై అంటారు, మరొకరు ఏదో ఒకటి వస్తే చాలంటారు. అందరిదీ ఒకటే మాట... 'ముందు ఉద్యోగం. మిగతావన్నీ తర్వాత.'

ఆ మిగతా వాటిలో అన్నిటికంటే ముందు పక్కకెళ్లేది ఒళ్లు.

జగిత్యాల జిల్లాలోని ఓ పల్లె నుంచి వచ్చిన అమ్మాయి సంగతే చూడండి. డిగ్రీ అయ్యాక 2022 ఏప్రిల్‌లో హైదరాబాద్ బస్సెక్కింది. 503 పోస్టులతో గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది ఆ నెలలోనే. ఏడాదిలో తేలిపోతుందనుకుంది. అక్టోబరులో రాసిన ప్రిలిమ్స్ పేపర్ లీకేజీ వల్ల 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ రాసింది. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, జూన్ 9న మూడోసారి ప్రిలిమ్స్. ఈసారి గట్టెక్కలేదు. అనుకున్న ఏడాది కాస్తా రెండేళ్లు దాటింది. వచ్చేటప్పుడు 54 కిలోలున్న అమ్మాయి 67కి చేరింది.

ఆ ఏడాది బతుకమ్మకు ఊరెళ్లింది. పట్టుచీర మీది జాకెట్టు చేతుల దగ్గరే ఆగిపోయింది. బతుకమ్మ చుట్టూ రెండు సుట్లు తిరిగేసరికి ఆయాసం. అరుగు మీద కూలబడితే వరుసకు పెద్దమ్మ ఒకావిడ నవ్వింది... "ఏందే, పట్నం నీళ్లు మంచిగ పడ్డట్టున్నయ్!" అందరూ నవ్వారు. అమ్మ మాత్రం బిడ్డ మొహం చూసి సర్దిచెప్పింది... "ముందుగాల నౌకరీ రానియ్ బిడ్డా. ఒళ్లు సంగతి అటెంక చూస్కుందాం."

ప్రేమతో అన్న మాటే. కానీ ఉద్యోగం ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. అది వచ్చేదాకా ఒళ్లు ఆగి ఎదురుచూడదు.

రోజుకు ఐదారు చెంచాలు

రెండున్నరేళ్లలో 13 కిలోలు. వినడానికి పెద్ద లెక్కే. విడగొడితే చాలా చిన్నది. ఒక కిలో కొవ్వుకు సుమారు 7,700 కెలోరీలన్నది మోటు లెక్క. ఆ ప్రకారం 13 కిలోలను రెండున్నరేళ్ల రోజులకు పంచితే, రోజుకు అదనంగా పడింది 110 కెలోరీలు. చెంచా చక్కెరలో 20 కెలోరీలుంటాయి. అంటే ఐదారు చెంచాల చక్కెర. చదువుకునేవాళ్లు నిద్ర ఆపుకోవడానికి రోజుకు నాలుగు టీలు తాగితే, కప్పుకు రెండు చెంచాల చొప్పున ఎనిమిది చెంచాలు టీలోనే పోతాయి. నాలుగింటికి తినే మిర్చి బజ్జీ, అమ్మ పంపిన సకినాల డబ్బా ఇంకా లెక్కలోకి రాలేదు.

ఊళ్లో ఉన్నప్పుడు ఆ అమ్మాయి ఏమీ తక్కువ తినలేదు. కానీ బోరింగు నుంచి నీళ్లు తెచ్చేది, వాకిలి ఊడ్చేది, బస్టాపుకు నడిచేది. హైదరాబాద్‌లో హాస్టల్ నుంచి లైబ్రరీకి పది నిమిషాలు, లైబ్రరీలో పది గంటలు. మెస్సులో పళ్లెం నిండా తెల్లన్నం, ఓ గరిటె ఆలుగడ్డ కూర, పలచటి సాంబారు. రాత్రి రెండింటిదాకా చదువు, ఆరింటికి అలారం. నిద్ర తగ్గితే ఆకలి పుట్టించే హార్మోను పెరుగుతుంది, కడుపు నిండిందని చెప్పేది తగ్గుతుంది. అర్ధరాత్రి బిస్కెట్ ప్యాకెట్ ఖాళీ అవడానికి నోటి కక్కుర్తి ఒక్కటే కారణం కాదు.

పన్నెండు రోజుల పస్తు

బతుకమ్మ నుంచి తిరిగొచ్చాక ఆ అమ్మాయి చేసిన పని చాలామంది చేసేదే. నవంబరు 17, 18 తేదీల్లో గ్రూప్-3 పరీక్షలు. ఈలోగానే సన్నబడాలనుకుంది. పొద్దున నిమ్మరసం, మధ్యాహ్నం కీరా ముక్కలు, రాత్రి ఒక ఆపిల్. నాలుగు రోజుల్లో రెండు కిలోలు తగ్గేసరికి సంబరపడింది. అలా మొదట్లో తగ్గేదాంట్లో ఎక్కువ భాగం నీరేనని తెలియదు. వారం తిరిగేసరికి చదివిన పేజీయే మళ్లీ చదువుతోంది. మాక్ టెస్టులో మార్కులు పడిపోయాయి. పన్నెండో రోజు లైబ్రరీ మెట్లమీద కళ్లు తిరిగి కూర్చుండిపోయింది. ఆ రాత్రి ఆకలి ఆగక తిన్న తిండికి తనకే ఏడుపొచ్చింది.

హాస్టల్ స్నేహితురాలు బలవంతంగా ఆసుపత్రికి తీసుకెళ్లింది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9.4. ఆడవాళ్లకు కనీసం 12 ఉండాలి. బతుకమ్మ ఆటలో వచ్చిన ఆయాసానికి కారణం ఒళ్లు ఒక్కటే కాదన్నమాట. రక్తం కూడా తక్కువే. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. లావుగా ఉన్నంత మాత్రాన పోషణ బాగున్నట్టు కాదు. డాక్టరు ఐరన్ మాత్రలు రాశారు. మాత్ర వేసుకునేటప్పుడు, అన్నం తినేటప్పుడు టీ తాగొద్దన్నారు. టీ ఒంటికి ఐరన్ పట్టనివ్వదు.

పస్తులుంటే బరువుతో పాటు చదువూ తగ్గుతుందని ఆ పన్నెండు రోజులు నేర్పాయి. వారానికి అరకిలో తగ్గితే చాలు. 

టైంటేబుల్‌లో ఒక గడి

డిసెంబరు 15, 16 తేదీల్లో గ్రూప్-2 పరీక్షలు అయిపోయాక ఆ అమ్మాయి టైంటేబుల్ కొత్తగా గీసుకుంది. చరిత్రకు, ఎకానమీకి, అరిథ్‌మెటిక్‌కు గళ్లు ఉన్నట్టే నడకకూ ఒక గడి. పొద్దున ఆరున్నర నుంచి ఏడింటిదాకా ఇందిరా పార్కు. వారానికి ఐదు రోజులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పిన కనీస లెక్క కూడా అదే... వారానికి 150 నిమిషాల చురుకైన నడక, రెండు రోజులు కండరాలకు పని. నడక మాట్లాడగలిగేంత వేగంగా ఉండాలి, పాట పాడలేనంత వేగంగా ఉండాలి. వ్యాయామం కనీసం పది నిమిషాలు ఏకబిగిన చేస్తేనే లెక్కలోకి వస్తుందన్న పాత నియమాన్ని ఆ సంస్థ 2020లో తీసేసింది. మూడంతస్తులు మెట్లెక్కినా లెక్కలోకే వస్తుంది. వర్షమొచ్చిన రోజు హాస్టల్ మెట్లే ఆమెకు పార్కు.

కండరాలకు జిమ్ కట్టలేదు. బుధ, శనివారాల్లో గదిలోనే పావుగంట గుంజిళ్లలాంటి స్క్వాట్లు, గోడకు చేతులానించి పుషప్‌లు. చదువులో గంటకోసారి ఐదు నిమిషాలు లేచి తిరగడం. లేచినప్పుడల్లా చదివింది మనసులో ఒకసారి చెప్పుకోవడం. ఆ ఐదు నిమిషాలు వృథా కాలేదు, రివిజన్ అయింది.

తిండి కూడా మానలేదు, పళ్లెంలో చోటు మార్చింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం పళ్లెంలో సగం కూరగాయలు, పండ్లు ఉండాలి. ధాన్యాల నుంచి వచ్చే కెలోరీలు 45 శాతానికి మించకూడదు. మెస్సు పళ్లెంలో జరిగేది దీనికి పూర్తిగా తలకిందులు. అందుకే ఆమె అన్నం సగం చేసి, కర్రీ పాయింట్ నుంచి పాలకూర పప్పు గానీ బెండకాయ కూర గానీ తెచ్చుకుంది. పొద్దున రెండు ఉడికించిన గుడ్లు. సాయంత్రం బజ్జీ బండి బదులు మొలకలు, లేదంటే గుప్పెడు పుట్నాలు. రాత్రికి రోడ్డు పక్కన అమ్మే జొన్న రొట్టె. టీలు నాలుగు నుంచి రెండయ్యాయి, చక్కెర ఒక చెంచాకు దిగింది. పదకొండున్నరకు పుస్తకం మూసేసింది. రాత్రి రెండుదాకా చదివిన రోజుల్లోకంటే పొద్దున చదివిందే గుర్తుంటోందని ఆమె తర్వాత గమనించింది. చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే మరి.

పరుగు పరీక్ష చెప్పే పాఠం

పోలీసు ఉద్యోగాలకు చదివేవాళ్లకైతే ఒళ్లు కూడా సిలబస్సే. తెలంగాణలో 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లు 1,600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలి. ఆంధ్రప్రదేశ్‌లో కానిస్టేబుల్ ప్రిలిమ్స్ 2023 జనవరి 22న జరిగితే, దేహదారుఢ్య పరీక్షలు 2024 డిసెంబరు చివర్లో గానీ మొదలు కాలేదు. మధ్యలో దాదాపు రెండేళ్లు. తేదీ వచ్చాక మొదలెడదామని ఆగినవాడికి నెల రోజుల్లో ఒళ్లు తగ్గించడం, పరుగు పెంచడం రెండూ మీదపడతాయి. పిక్కలు పట్టేసి, మోకాళ్లు వాచి గ్రౌండ్ దాకా రాకుండానే ఆగిపోయేది అలాంటివాళ్లే. ఆ రెండేళ్లూ వారానికి మూడు రోజులు నిదానంగానైనా పరుగెత్తినవాడికి తేదీ ఎప్పుడొచ్చినా ఒకటే.

పరుగు లేని ఉద్యోగాలకూ ఇది వర్తిస్తుంది. పరీక్ష తేదీ ప్రభుత్వం చేతిలో, కోర్టు చేతిలో ఉండొచ్చు. పొద్దున ఆరున్నర మాత్రం ఎవరి చేతుల్లో వాళ్లకే ఉంటుంది.

ఇంట్లోవాళ్ల వంతు

పిల్లలు ఫోన్ చేసినప్పుడు చాలా ఇళ్లలో రెండే ప్రశ్నలు. తిన్నావా? నోటిఫికేషన్ వచ్చిందా? మూడోది కూడా ఒకటి చేరితే బాగుంటుంది... పడుకున్నావా? పండక్కి వచ్చిన బిడ్డను చూడగానే లావయ్యావనడం, చిక్కిపోయావనడం రెండూ మానెయ్యొచ్చు. అద్దం వాళ్ల దగ్గరా ఉంది. నెలసరి తప్పుతున్నా, విపరీతంగా నీరసంగా ఉన్నా, కారణం లేకుండా బరువు పెరుగుతున్నా థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించాలి. 'పెళ్లయితే అదే సర్దుకుంటుంది' అన్నది వైద్యం కాదు. డబ్బాలో సకినాలతో పాటు వేయించిన పల్లీలు, రాగి పిండి కూడా పెట్టొచ్చు. నడకకు పోయే అరగంటను చదువు ఎగ్గొట్టడంగా చూడకపోతే అదే పెద్ద సాయం.

జగిత్యాల అమ్మాయి 2025లో ప్రభుత్వ పరీక్షలకు చదువుతూనే ప్రైవేటు ఉద్యోగాలకూ తిరిగింది. అమీర్‌పేటలో లిఫ్టు లేని భవనంలో నాలుగో అంతస్తుకు ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు, పైకెక్కాక మాట్లాడటానికి ఆగాల్సిన పనిలేకపోయింది. ఉద్యోగం రాలేదు. ఆయాసమూ రాలేదు. ఎనిమిది నెలల్లో 67 నుంచి 60కి దిగింది. రెండు నెలలు కాటా ముల్లు కదలనే లేదు. పరీక్షల వారంలో పార్కు మానేసిన రోజులున్నాయి. తర్వాతి వారం మళ్లీ వెళ్లింది, అంతే.

సెప్టెంబరులో బతుకమ్మకు ఊరెళ్లింది. పాత జాకెట్టు ఇంకా కొంచెం బిగుతుగానే ఉంది. అయినా పాట అయిపోయేదాకా ఆడింది. అరుగు మీది పెద్దమ్మ ఈసారి వేరే ప్రశ్న అడిగింది... "నౌకరీ ఏమాయెనే?"

"అయితది పెద్దమ్మా" అంటూ ఆ అమ్మాయి మళ్లీ వరుసలో కలిసింది.