దశరథుడి పక్కన ఎవరూ లేరు

"ఏం వదినా, నీ కూతురు తుపాకీ పట్టి జింకని కొట్టిందటగా! బాగుంది పెంపకం!" అంటూ మా ఆడపడుచు ఫోనులో దెప్పింది. నేను అమెరికానుంచి తిరిగొచ్చి అప్పటికింకా వారం కాలేదు. అది ఆదివారం. ఆవిడ నన్ను దెప్పుతున్నంతసేపూ వెనకాల కుక్కరు కూస్తూనే ఉంది. అందులో ఏం ఉడుకుతోందో నాకు తెలియదా? అన్నయ్యగారు తెల్లారకుండా వెళ్ళి నిలబడి తెచ్చిన కిలో వేటమాంసం!

మన కృష్ణా, గోదావరి జిల్లాల్లో కొట్లో కొన్న మేకమాంసాన్ని కూడా వేటమాంసమనే అంటాం. వేటాడిందెవరో, ఆ ప్రాణం ఎలా పోయిందో మనకి అక్కర్లేదు. ముక్క మెత్తగా ఉడికితే చాలు. శాకాహారులు నన్ను తిడితే తలవంచుకుని పడతాను. వాళ్ళకా హక్కుంది. మూలిగబొమికల కోసం కొట్టువాడితో పోట్లాడే మా ఆడపడుచుకి మాత్రం లేదు.

ముందే చెబుతున్నాను, ఇక్కడ ఎవర్నీ తుపాకీ పట్టుకుని అడవికి పొమ్మనడంలేదు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటని నిషేధించింది. మంచిపని చేసింది. నేను చెప్పేది మా అమ్మాయి కాపురం ఉంటున్న విస్కాన్సిన్ రాష్ట్రం సంగతి. అక్కడ జింకలు మొక్కజొన్నా, సోయా చేలమీద పడి మేస్తాయి, రోడ్లకి అడ్డంపడి కార్లకింద చస్తాయి. ఎప్పుడు, ఎక్కడ, ఎలా కొట్టాలో ప్రభుత్వమే నియమాలు పెట్టి లైసెన్సులిస్తుంది. నవంబరులో తుపాకీతో జింకల వేట తొమ్మిది రోజులు.

సరే, పాపపుణ్యాల మాట అలా ఉంచండి. ఆఖర్న మా ఆడపడుచు అన్న మాట నాకు గుచ్చుకుంది. "నలభయ్యేళ్ళు మీదపడ్డాక ఆడది కొత్తగా వేట నేర్చుకోవడమేమిటి, ఒకరి పక్కన పసిపిల్లలా కూచుని!"

అక్కడ నాకు ఒళ్ళు మండింది. పక్కన కూచుని నేర్చుకోకుండా ఏ విద్య వచ్చింది తల్లీ నీకు? కాపురానికొచ్చిన ఏడు నేను ఆవకాయ కలుపుతుంటే మీ అమ్మేగా పీటేసుకుని పక్కన కూచుంది? ఉప్పు దగ్గర నా చెయ్యి పట్టుకు ఆపింది కూడాను. లేకపోతే ఆ ఏటి జాడీలో బంగాళాఖాతం ఉండేది.

నల్లమల చెంచుల పిల్లలు తండ్రుల వెనక నడిచి విల్లు నేర్చుకున్నారు. అమెరికాలోనూ ఎక్కువగా అంతే, తండ్రినుంచి కొడుక్కి వచ్చే విద్య. కూతుళ్ళలో చాలామందిని ఎవరూ వెంట తీసుకెళ్ళలేదు. పెద్దయ్యాక నేర్చుకుందామంటే పిలిచేవాళ్ళేరి? ఆడవాళ్ళకి లేనిది ఆసక్తి కాదు, నేర్పేవాళ్ళని గ్రహించి క్రిస్టీన్ థామస్ అనే ప్రొఫెసరు 1991లో ఆ రాష్ట్రంలోనే పెద్దవయసు స్త్రీలకి తరగతులు మొదలుపెట్టింది. తర్వాత ఎన్నో రాష్ట్రాలు అదే దారి పట్టాయి. మగవాళ్ళకి తట్టిన ఉపాయం కూడా వినండి. వేటగాళ్ళు దూరానికి కనబడేలా నారింజరంగు బట్టలు వేసుకోవాలి. 2016లో గులాబిరంగు కూడా చెల్లుతుందని చట్టం చేశారు, ఆడవాళ్ళు ఎక్కువగా వస్తారట! గులాబిరంగు చూపిస్తే వచ్చేది చంటిపిల్ల. మనకి కావలసింది నేర్పే మనిషి.

ఆ మనిషికీ అక్కడ చట్టంలో చోటుంది. 1973 నుంచి పుట్టినవాళ్ళు ఎవరైనా వేట పాఠాలు చదివి పరీక్ష ప్యాసవాలి. ప్యాసవకుండా వెళ్ళాలంటే అనుభవమున్న మనిషి పక్కన ఉండితీరాలి. ఎంత దూరంలో? చెయ్యి చాపితే అందేంత దూరంలో.

మా అమ్మాయికి ఆ మనిషి పక్కింటావిడ. డెబ్భయ్యేళ్ళుంటాయి, స్కూలు బస్సు నడిపి రిటైరయింది. మూడు నెలలపాటు ఆవిడ చెప్పిన పాఠాలన్నీ పేల్చకుండా ఉండటం గురించే. ఖాళీ తుపాకీని కూడా నిండుదే అనుకోవాలి. గొట్టం మనిషివైపు తిరగకూడదు. కొట్టే క్షణందాకా ట్రిగ్గరుమీద వేలు పడకూడదు. గురి ఏమిటో, దాని వెనక ఏముందో తెలియకుండా పేల్చకూడదు.

మొదటిరోజు నేనూ నారింజరంగు కోటు తొడుక్కుని వాళ్ళవెనక మంచెమీద కూచున్నాను. అచ్చం మన చేలల్లో పిట్టల్ని తోలే మంచెలాంటిదే. చలికి పళ్ళు టకటకలాడుతున్నాయి. తెల్లవారుతుంటే గట్టుమీదికి జింక వచ్చి నిలబడింది. మా అమ్మాయి తుపాకీ ఎత్తింది. పెద్దావిడ చెయ్యి దాని భుజంమీద పడింది. "ఆగు." జింక వెనక మన్ను లేదు, ఒట్టి ఆకాశం. గుండు తప్పితే గట్టు అవతల ఏ ఇల్లో, ఏ మనిషో! జింక వెళ్ళిపోయింది. మా అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆవిడ ఫ్లాస్కులోంచి కాఫీ పోసి చేతికిచ్చింది.

అప్పుడు నాకు దశరథుడు గుర్తొచ్చాడు. ఆయనకి విద్య తక్కువా? చప్పుడు విని కొట్టగలడు. సరయూ ఒడ్డున చీకట్లో కుండ మునిగిన చప్పుడు విని ఏనుగనుకున్నాడు. మునికుమారుణ్ణి కొట్టాడు. గుడ్డి తల్లిదండ్రుల ఉసురు పోసుకున్నాడు. నేర్పు బోలెడుంది, "ఆగు నాయనా" అనే చెయ్యి ఒక్కటి పక్కన లేదు. వచ్చిన విద్యతో ఒంటరిగా వెళ్ళినవాడికంటే రాని విద్యకి తోడు పెట్టుకున్న మా అమ్మాయి నయం కాదూ?

నాలుగోరోజున జింక దొరికింది. ఒక్క గుండుతో పడిపోయింది. పొట్ట చీల్చి పేగులు తియ్యాల్సి వచ్చేసరికి మా అమ్మాయి చేతులు వణికాయి. పెద్దావిడ కత్తి అందుకోలేదు. ఎక్కడ కొయ్యాలో చెబుతూ టార్చిలైటు పట్టుకు నిలబడింది. మర్నాడు సాయంత్రం 5 గంటల్లోగా లెక్క రాయించాలి, రాయించాం. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ కంచంలో ముక్క వదల్లేదు. రోజూ సగం పారేసే మనవడు కూడా. తిండిమీద అంత గౌరవం మన ఆదివారం భోజనాల్లో నేనింతవరకూ చూడలేదు.

ఇదంతా మా ఆడపడుచుకి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత గొంతు తగ్గించి, "అది సరే వదినా, ఆ జింకమాంసంలో గసగసాలు నూరావా, కొబ్బరా?" అంది.

"ఫోనులో చెబితే వచ్చేది కాదమ్మా, వచ్చి పొయ్యి పక్కన కూచో, నేర్పుతాను" అన్నాను.