నాచు గోడ పెంచండి... గ్లౌజు మరవకండి!

ఇప్పుడు ఇళ్లలో అక్వేరియం అంటే రంగురాళ్లు, ప్లాస్టిక్ మొక్కలే కాదు. వెనక అద్దం నిండా పచ్చటి గోడ పెంచుతున్నారు. రెండు ప్లాస్టిక్ జాలీల మధ్య జావా మాస్‌ను పలుచగా పరిచి, అంచులు కట్టి, అద్దానికి ఆనించి నిలబెడతారు. కొన్ని వారాలకు పోగులు జాలీ కన్నాల్లోంచి బయటికొచ్చి అల్లుకుపోతాయి. పిల్లలు ఫోన్ పక్కన పెట్టి ఆ పచ్చదనాన్ని చూస్తూ కూర్చుంటే ఏ డాక్టరు వద్దంటాడు? నేనూ వద్దనను.

కానీ ఆ గోడను తరచూ కత్తిరించాలి. అందుకు మోచేతి దాకా చేయి నీళ్లలో పెట్టాలి. జాలీ అంచో, కత్తెరో వేలికి గీసుకుంటుంది. అక్కడే చిక్కు.

మా ఓపీకి ఒకాయన వేలి మీద ఊదారంగు గడ్డతో వచ్చారు. అప్పటికే రెండుసార్లు యాంటీబయాటిక్స్ వాడారు. నేనూ మామూలు పుండే అనుకుని మళ్లీ మందులు రాశాను. తగ్గలేదు. కొన్నాళ్లకు ముంజేయి పొడవునా వరుసగా మరో రెండు గడ్డలు లేచాయి. అప్పుడు అడిగాను, 'ఇంట్లో చేపల తొట్టె ఉందా?' అని. ఆయన సంబరంగా ఫోన్‌లో నాచు గోడ ఫొటో చూపించారు!

అది మైకోబ్యాక్టీరియం మారినమ్. క్షయ క్రిమికి చుట్టం. చేపల్లో, తొట్టె నీళ్లలో ఉంటుంది. గీత పడిన చర్మంలోంచి లోపలికి వెళ్తుంది. సాధారణంగా రెండు మూడు వారాల తర్వాత గానీ బయటపడదు. అందుకే తొట్టె సంగతి ఎవరికీ గుర్తురాదు. మనిషి నుంచి మనిషికి అంటదు. పూర్తిగా నయమవుతుంది. కాకపోతే నెలల తరబడి మందులు వాడాలి. ఆలస్యం చేస్తే కీళ్లకు, ఎముకకు పాకవచ్చు. ఈ క్రిమి 30 డిగ్రీల దగ్గర బాగా పెరుగుతుంది. ముక్క తీసి పరీక్షకు పంపేటప్పుడు ల్యాబ్‌కు ఆ అనుమానం చెప్పకపోతే, మామూలు 37 డిగ్రీల కల్చర్‌లో దొరక్కపోవచ్చు.

తప్పు మా వైపూ ఉంది. షుగరుందా, బీపీ ఉందా అని అడుగుతాం గానీ, ఖాళీ సమయంలో ఏం చేస్తారని అడగం. మేం అడగకపోయినా మీరు చెప్పండి.

చేతికి గాయముంటే తొట్టె పని వాయిదా వేయండి. మోచేతి దాకా వచ్చే గ్లౌజులు తొడగండి. పనయ్యాక సబ్బుతో కడుక్కోండి. తొట్టె సామాను వంటగది సింకులో కడగొద్దు. నీళ్లు తోడటానికి పైపును నోటితో పీల్చొద్దు. షుగరు అదుపులో లేనివారు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారు ఈ పని ఇంట్లో మరొకరికి అప్పగించడం మేలు.

గోడ పచ్చగా పెరగనివ్వండి. వేలి మీద పుండు మూడు వారాలైనా మానకపోతే మాత్రం, డాక్టరు దగ్గర మొదటి మాటగా తొట్టె గురించే చెప్పండి.